పంచాయతీ గోడమీది ప్రకటన ఎవరి భాషలో ఉండాలి?

గత మాసంలో ఒక సాయంత్రం బడి విడిచిన తరువాత పొరుగూరి పెద్దరైతు ఒకరు మడతపెట్టిన పత్రిక కాగితంతో నా వద్దకు వచ్చారు. "అయ్యవారూ, మనవడు చదివినాడు గాని వానికీ అర్థం కాలేదు. మా సర్వే నంబరు ఉందంట, చూసి చెప్పండి" అన్నారు. అది జాతీయ రహదారి కోసం భూమి తీసుకొనే నోటిఫికేషన్ సారాంశం. తమిళంలో ఉన్నది. మనవడు తమిళంలో చదువుకొన్నవాడే. అయితే 'నిల ఎడుప్పు' అంటే భూసేకరణ అనీ, 'ఆట్చేపణై' అంటే అభ్యంతరం అనీ అతనికి ఏ పాఠంలోనూ రాలేదు. నేను చదివి, తేదీ చూసి, లెక్కపెట్టాను. ఇరవై ఆరు రోజులు గడిచిపోయాయి. "అభ్యంతరం చెప్పుకోవడానికి ఇరవై ఒక్క రోజులే గడువు మామా" అనడానికి నాకు నోరు రాలేదు.

1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం నోటిఫికేషన్ ప్రచురించిన నాటినుంచి 21 రోజుల లోపల వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. తెలిపినవారి వాదన అధికారి వినాలి. ఎవరూ తెలపకపోయినా, తెలిపినవి తోసివేసినా తదుపరి ప్రకటన వెలువడుతుంది. దానితో భూమి కేంద్ర ప్రభుత్వపరమవుతుంది. ఆపైన మిగిలేది పరిహారం గురించిన వాదమే. రాజపత్రంతోపాటు రెండు స్థానిక పత్రికలలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, సారాంశం వేస్తే ఆ చట్టానికి చాలు. పంచాయతీ గోడను గురించి అందులో ఊసే లేదు. పరిహారపు లెక్కకు 2013 నాటి భూసేకరణ చట్టం సూత్రాలు 2015 నుంచి వర్తించినా, ప్రకటన విధానం మాత్రం పాతదే.

అన్ని చట్టాలూ ఇంత ముక్తసరిగా లేవు. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆ 2013 చట్టం 11వ సెక్షను ప్రాథమిక ప్రకటనను రాజపత్రంలోను, రెండు దినపత్రికలలోను వేయడంతో సరిపెట్టుకోలేదు. పంచాయతీ, తహసీలు, కలెక్టరు కార్యాలయాలలో స్థానిక భాషలో ప్రచురించాలని, ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలని ఆదేశించింది. ప్రకటనలోని విషయాన్ని గ్రామసభకు ప్రత్యేక సమావేశంలో తెలియజేయాలని కూడా విధించింది. అభ్యంతరాలకు 60 రోజుల గడువిచ్చింది. తమిళనాడులో పారిశ్రామిక అవసరాలకు భూమి తీసుకొనేందుకు 1997 నాటి రాష్ట్ర చట్టం వేరుగా ఉన్నది. అందులో గడువును నోటీసులోనే పేర్కొంటారు. కనుక కాగితం చేతికి రాగానే మొదట చూడవలసినది అది ఏ చట్టం కింద వచ్చినదన్న సంగతి. గడువు దానినిబట్టే ఉంటుంది.

2013 చట్టంలోని ఒక మాటను సరిహద్దు గ్రామస్థులు శ్రద్ధగా గమనించాలి. దినపత్రికల విషయంలో చట్టం 'ప్రాంతీయ భాష' అన్నది. పంచాయతీ విషయానికి వచ్చేసరికి 'స్థానిక భాష' అన్నది. ప్రాంతీయ భాష అంటే రాష్ట్ర భాష అని సరిపెట్టుకోవచ్చును. కాని ఇంటింటా తెలుగే మాట్లాడే హోసూరు, బాగేపల్లి, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాల పల్లెలలో స్థానిక భాష ఏది? కార్యాలయాలలో ఈ రెండు మాటలనూ ఒకటిగానే చదవడం పరిపాటి అయినది. ఆ మాట ఎందుకు వేరుగా ఉన్నదని మనం అడగకపోవడమూ పరిపాటే అయినది.

ప్రకటన అన్నది ఉత్త లాంఛనం కాదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. పాత రాజస్థాన్ భూసేకరణ చట్టం కింద గ్రామంలో బహిరంగ ప్రకటన చేయకపోతే భూసేకరణ నిలవదని సుప్రీంకోర్టు ఖూబ్ చంద్ కేసులో 1960ల దశకంలోనే తేల్చింది. పత్రికలలో వేసినా ఊరిలో ప్రకటించకపోవడం చెల్లదని 2012లో కుల్సుమ్ నడియాద్‌వాలా కేసులో మరల స్పష్టం చేసింది. అయితే కోర్టుమెట్లు ఎక్కి గెలవడం పదిమందికీ సాధ్యమయ్యే పని కాదు. గోడమీద ఒక కాగితం సకాలంలో అర్థమయ్యేటట్టు ఉంటే ఆ శ్రమే ఉండదు.

భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పథకం కూడా ఈ విషయంలో మనవైపే ఉన్నది. జిల్లాలోగాని, అంతకన్నా చిన్న ప్రాంతంలోగాని జనాభాలో కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను, నోటీసులను అనువదించి ప్రచురించాలని ఆ పథకం చెబుతున్నది. ఇది శాసనం కాదు. ప్రభుత్వాలు ఒప్పుకొన్న మాట. ఆ మాట అమలవుతున్నదా అని చూడడానికే 1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగంలోని 350-బి అధికరణం కింద ప్రత్యేకాధికారి పదవి ఏర్పడింది. యానాంలో ఈ చిక్కు చాలవరకు లేదు. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టమే అక్కడ తెలుగుకు చోటిచ్చింది. చిన్న యానాంకు సాధ్యమైనది పెద్ద రాష్ట్రాల తాలూకాలకు అసాధ్యమని ఎట్లా అనుకోగలం?

అయితే తెలుగులో ఒక కాగితం అంటిస్తే పని తీరిపోతుందని చెప్పడం ఆత్మవంచన. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత చదివిన పిల్లలు తమిళ అక్షరాలలో ఆరితేరారు. తెలుగు లిపి పలువురికి దూరమైంది. తాతకు తెలుగు అక్షరం వస్తుంది, కంటిచూపు ఆనదు. మనవడికి చూపున్నది, ఆ అక్షరం రాదు. కర్ణాటకలోని మన పిల్లలకు కన్నడ లిపి కొట్టినపిండి. అయినా నోటీసులో 'ఆక్షేపణె' అని చూస్తే, మన భాషలో ఆక్షేపణ అంటే తప్పుపట్టడం కదా అని వెనుకాడతారు. ఒడియాలో అభ్యంతరాన్ని 'ఆపత్తి' అంటారు. తెలుగు చెవికి అది ఆపదగా వినిపిస్తుంది! కనుక మనకు కావలసినది అక్షరంతోపాటు నోటిమాట. వెనుకటి రోజులలో చాటింపు ఆ పని చేసేది. డప్పు కొట్టించి మనుషులచేత దండోరా వేయించడాన్ని తమిళనాడు ప్రభుత్వం 2022లో నిలిపివేసి, వాహనాలకు మైకులు కట్టి చాటించమన్నది. డప్పు వాయించేవారి గౌరవం దృష్ట్యా అది మంచి నిర్ణయమే. ఆ మైకు రెండు భాషలలో మాట్లాడాలని కోరడమే ఇక మన వంతు.

ఇందుకు గ్రామసభే తగిన వేదిక. తమిళనాడులో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో గ్రామసభలు జరుగుతాయి. పంచాయతీకి వచ్చే ప్రతి బహిరంగ ప్రకటన సారాంశాన్ని తెలుగులో కూడా వ్రాసి అంటించాలని, మైకులో చదివించాలని, అంటించిన తేదీని, ఆఖరు తేదీని కాగితం పైభాగాన పెద్ద అంకెలలో వేయాలని తీర్మానం చేయించుకోవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. అనువాదానికి ఊరి ఉపాధ్యాయులు ఉన్నారు. నేనూ ఉన్నాను. అభ్యంతరపత్రాన్ని మాతృభాషలో ఇచ్చుకొనేందుకు రాజ్యాంగం 350వ అధికరణం ఆధారమిస్తున్నది. అయినను జాప్యానికి తావు లేకుండా రాష్ట్ర భాషలో ఒక ప్రతిని జతచేసి, ముట్టినట్లు సంతకము, ముద్ర, తేదీ తప్పక తీసుకోవాలి.

ఆ పెద్దరైతుతో మరునాడు కార్యాలయానికి వెళ్ళాను. కాగితం తీసుకొన్నారు, గడువు దాటిందని దానిమీదే వ్రాశారు. ఆయన తిరిగి వస్తూ, "గోడమీద మన మాటలో ఉండుంటే పొద్దున పాలు పోయను పోయినప్పుడే చూసుందునే" అన్నారు. పాలకేంద్రం పంచాయతీ కార్యాలయానికి ఎదురుగానే ఉన్నది.