వేటబండ్లు

మా కమలాపురమున అడవి లేదు. పాపాగ్ని వచ్చి పెన్నలో కలియు చోటు గలదు, పైరుపొలములు గలవు, రైలుస్టేషను గలదు. అడవిని చూడగోరువాడు తూర్పుగా కడప దాటి లంకమలకైనను, దక్షిణముగా పాలకొండలకైనను పోవలయును. అయినను అడవిమాంసము మా ప్రాంతపు విందులలో అప్పుడప్పుడు కనబడుచునే యున్నది. అడవి లేని యూరికి అడవిమాంసము ఎట్లు వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు జవాబొక్కటే. బండిమీద వచ్చుచున్నది.

వేటను గూర్చి మాటలాడువారందరును తుపాకిని గూర్చియే మాటలాడుదురు. మేము ఈ వారము బండిని గూర్చి వ్రాయదలచితిమి.

పూర్వము వేటకాడు నడచి పోయెడివాడు. ఈటె యొకటి, వల యొకటి, చద్దిమూట యొకటి, వెంట రెండు కుక్కలు. ఇంతియే అతని సరంజామా. చంపినదానిని భుజముమీద మోసికొని ప్రొద్దుగ్రుంకులోపల ఇల్లు చేరవలయును. లేనిచో మన సీమయెండకు మాంసము చెడును. భుజము మోయగలిగినంతయే వేట, ఎండ ఓర్చినంతయే దూరము. ఈ రెండు హద్దులను ఏ శాసనసభయు విధింపలేదు, ప్రకృతియే విధించినది.

నేటి వేటకాడు అట్టివాడు కాడు. నూరుమైళ్ళ యవతలనుండి కారులో బయలుదేరును. డిక్కీలో బట్టచుట్టిన తుపాకి, తలకు కట్టుకొను దీపములు, మోటారుసైకిలు క్లచ్చుతీగతో అల్లిన ఉచ్చులు, పందికొరకు నాటుబాంబులు, వీనితోపాటు ఐసుపెట్టెలు. చీకటిపడిన పిదప పోయి తెల్లవారకముందే తిరిగివచ్చును. తలయు, తోలును, గిట్టలును అడవిలోనే పడియుండును. ముక్కలైన మాంసము మేకమాంసమను పేరుతో ఊరు చేరును. భుజమునకు హద్దు గలదు, చక్రమునకు లేదు. ఎండ విధించిన హద్దును ఐసుపెట్టె తుడిచివేసినది. ఇక మిగిలినది మనుష్యుని యాశ యొక్కటే. దానికి హద్దెప్పుడును లేదు.

ఇది ఎచ్చటికి పోవునో తెలియగోరువారు అమెరికా దేశపు వలసపావురము కథను వినవలయును. పంతొమ్మిదవ శతాబ్దమున ఆ పక్షులు కోట్లకొలదిగా ఎగిరి మింటిని కప్పివేసెడివి. తుపాకులును వలలును ఆ దేశమున అంతకుముందును ఉండెను. అటుపిమ్మట తంతియు రైలును వచ్చినవి. గుంపు ఎచ్చట దిగినదో తంతి చెప్పెను. చంపిన పక్షులను పీపాలలో కుక్కి రైలు నగరముల బజారులకు చేర్చెను. మనుష్యుల యాకలికి తరుగని జాతి నగరముల బేరమునకు తరిగిపోయెను. 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో ఆ జాతియందలి కడపటి పక్షి కన్నుమూసినది.

అంతకు పదునాలుగేండ్లముందు, 1900లో, ఆ దేశపు శాసనసభ లేసీ యను ప్రతినిధి పేరిట ఒక చట్టము చేసినది. ఒక రాష్ట్రమున అక్రమముగా చంపిన మృగమును వేరొక రాష్ట్రమునకు తరలించుటయే నేరమని అది శాసించెను. అడవిలో తుపాకిని పట్టుకొనుట కష్టము, దారిలో బండిని పట్టుకొనుట సులభము అని ఆ శాసనకర్తలు గ్రహించిరి. వేట నేటికిని చట్టబద్ధమైయున్న ఆ దేశమునందే అనేక రాష్ట్రములలో చంపిన లేడికి చీటి కట్టనిదే బండి నెక్కింపరాదు. పావురమునకు మాత్రము ఆ గ్రహింపు ఆలస్యముగా వచ్చినది. మన జింకలకును అట్లే ఆలస్యము కావలయునా?

మన చట్టము ఈ విషయమున గ్రుడ్డిది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట పెద్దవేటకొకటి, చిన్నవేటకొకటి యని అనుమతిపత్రములు ఇచ్చుచుండెను. 1991 సవరణ వానిని రద్దుచేసినది. నాటినుండి వినోదమునకై వేటాడు హక్కు ఈ దేశమున ఎంతటివానికిని లేదు. తుపాకికి లైసెన్సున్నది గావున వేటకును ఉన్నదని కొందరు యువకులు తలచుచున్నారు. అది వట్టి భ్రమ. ఆ లైసెన్సు తుపాకిని ఉంచుకొనుటకే గాని జింకను చంపుటకు గాదు.

న్యాయవాదవృత్తి చేయువారమగుటచే చట్టములోని మాటలను ఒకింత విప్పి చెప్పుదుము. ‘మాంసము’ అనగా పచ్చిదియు వండినదియు గూడ అని ఆ చట్టము నిర్వచించినది. రక్తము, ఎముక, క్రొవ్వు, గ్రుడ్డు అన్నియు అందు చేరును. కావున కుండలోనికి పోయినంతమాత్రమున నేరము ఉడికి మాయము కాదు. ‘ఆయుధము’ అనగా తుపాకియే కాదు. వల, ఉచ్చు, కత్తి, విషము గూడ ఆయుధములే. ‘వాహనము’ అను మాటలో మోటారుతోపాటు ఎద్దు, గాడిద, గుఱ్ఱము, ఏనుగు సైతము చేరియున్నవి. అనుమతి యున్నదో లేదో విచారింపక వన్యమృగమును రవాణాకు స్వీకరింపరాదని 48-ఎ సెక్షను బండివారిని శాసించుచున్నది. మాంసము ఒకని స్వాధీనమున దొరికినచో అది అక్రమమనియే భావింపబడును. కాదని రుజువుచేయు భారము ముద్దాయిదని 57వ సెక్షను చెప్పుచున్నది. నేరమునకు వాడబడి పట్టుబడిన బండియు ఆయుధమును రాష్ట్రప్రభుత్వపు సొత్తగునని 39వ సెక్షను. 2022 సవరణ తరువాత సాధారణనేరమునకు మూడేండ్లవరకు ఖైదుగాని, లక్షరూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. కృష్ణజింకవలె మొదటి షెడ్యూలున చేరిన జంతువైనచో ఖైదు మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్లవరకు పోవచ్చును.

చట్టమునకు పదును చాలినంత గలదు. ఆ పదును ఎవరిమీద పడుచున్నదనునదే ప్రశ్న.

మేము కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పుదుము. ఒక న్యాయస్థానమున ఒక పేదవాడు బోనులో నిలిచియుండెను. గోనెసంచిలో రెండు చెవులపిల్లులు, సైకిలుకు చుట్టిన వల, ఇవియే అతనిమీది సాక్ష్యము. సైకిలు జప్తయినది; దానిమీదనే అతడు ప్రతిదినమును కూలికి పోవుచుండెను. నేరము నొప్పుకొనెను, శిక్ష పడెను. ఆ చెవులపిల్లులను ఎవరికొరకు తెచ్చుచుంటివని అడిగినవారొక్కరును లేరు. సాయంకాలము చెట్టుక్రింద మేమడిగితిమి. “కార్లో వచ్చి తీసకపోతారు సామీ. వాళ్ల పేరు సెప్పి నేను ఊళ్లో బతకల్లా వద్దా?” అని అతడు మమ్ములనే తిరిగి ప్రశ్నించెను. మాయొద్ద జవాబు లేకపోయెను.

మేమును నిర్దోషులము కాము. కొన్నియేండ్ల క్రిందట ఒక పెండ్లివిందున, “ఇది అడవిది” అని చెవిలో మెల్లగా చెప్పి, గొప్ప మర్యాదగా మాకు వడ్డింపవచ్చిరి. విస్తరికి చేయడ్డము పెట్టితిమి. కాని నోరు తెరువలేదు. పెద్దమనుష్యుల మొగముచూచి ఊరకుంటిమి. స్వచ్ఛందసేవకులమై ఊరూర తిరిగి ఉపన్యాసములిచ్చిన నోరు ఆ పూట మూతపడెను. అట్టి విస్తళ్ళయొద్ది మౌనమే వేటబండికి పెట్రోలు. ఈ వ్యాసము దానికి మా ప్రాయశ్చిత్తమని పాఠకులు భావింతురు గాక.

దొరల కాలమును మనము మరువరాదు. 1878 ఆయుధచట్టము దేశీయునికి లైసెన్సు విధించి, తెల్లవానిని మినహాయించినది. 1882 మద్రాసు అటవీచట్టముతో ఊరివారి అడవి సర్కారుఅడవి యయ్యెను. దొర మకాము వచ్చినదనగా గుడారములు మోయ బండ్లు, దొరకు పాలు, కోళ్ళు, గుఱ్ఱములకు గడ్డి, మృగములను తోల మనుష్యులు, అన్నియు ఊరివారే సమకూర్పవలసియుండెను. ఆ వేటబండ్లకు ఎద్దులు రైతువి, వేట దొరది. పలనాటిలో 1921లో పుల్లరి కట్టమని జనులు ఎదురుతిరిగిరి. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. అడవి ప్రజలదని చెప్పుటకు ఆ నెత్తురు చిందినది. దొర లేచిపోయిన వేటకుర్చీలో మనవాడు కూర్చుండుటకు కాదు.

ఇంకొక మాట. 2006 అటవీహక్కుల చట్టము అడవిబిడ్డలకు భూమిపై, ఫలసాయముపై హక్కులను గుర్తించుచును, వేటహక్కును మాత్రము స్పష్టముగా మినహాయించినది. తరతరములుగా వింటితో బ్రతికిన నల్లమల చెంచువానికి లేని హక్కు కారుగల అయ్యకు ఎవరిచ్చిరి?

రైతు మొరను గూడ మేమెరుగుదుము. రాత్రికి రాత్రి పందులు దిగి వేరుసెనగచేనిని దున్నిపోయినపుడు రైతు కడుపుమంట ఎట్టిదో పట్టణమున కూర్చుండి వ్రాయువారికి తెలియదు. పైరును పాడుచేయు జంతువును చంపుటకు వ్రాతమూలమైన అనుమతి నిచ్చు అధికారము 11వ సెక్షనున గలదు. కాని అట్లు చంపినదియు ప్రభుత్వపు సొత్తే. దాని మాంసము బేరమునకు రాదు. రైతుకు కావలసినది మాంసము కాదు, చేను. అనుమతియు నష్టపరిహారమును సకాలమున దొరకినచో అతడు చేనిచుట్టు కరెంటుతీగ లాగడు. ఆ తీగ తగిలి చచ్చునది పందియే కాదు, తెల్లవారుజామున నీరుకట్టబోయిన పొరుగురైతు గూడ. ఆలస్యముచేయు కచేరీయే వేటబండికి దారిచూపుచున్నది. పందిబాధ తీర్తుమని చెప్పి చేనిగట్టువరకు వచ్చిన కారు జింకతో తిరిగిపోవును.

మన కడపజిల్లాకు లోకమున ఒక పక్షివలన పేరు గలదు. 1848లో జెర్డన్ అను వైద్యుడు కనుగొనిన కలివికోడి 1900 తరువాత ఎవరికంటను పడక, నశించినదని శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో లంకమల ప్రాంతమున రెడ్డిపల్లెయొద్ద బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని మరల కనుగొనెను. కనుగొనుటకు తోడ్పడినవారెవరు? స్థానికులైన వలవేటగాండ్రు. పండితులు లేదనుకొన్నదానిని వారెరుగుదురు. రాత్రివేళ తిరుగు ఆ పిరికిపక్షి యుండు ముండ్లపొదలలో దీపములు త్రిప్పుచు పోవు బండి ఒక్క జింకను చంపి వచ్చినను, ఎన్నిటి గూళ్ళను చెదరగొట్టి వచ్చునో ఎవరు లెక్కింపగలరు? పొదపొదను ఎరిగిన వేటగానిని చెరకు పంపుటకంటె, జీతమిచ్చి అడవికావలికి పెట్టుట వివేకము.

కావున మేము కోరునవి నాలుగు. ఎర్రచందనపు దుంగకొరకు తెరచు డిక్కీని ఐసుపెట్టెకొరకును తెరవవలయును. దానిలోనివాని హోదాను చూచి మూయరాదు. సంచి మోసినవానితో కేసు ముగింపక, తెమ్మన్నవానిని, బండి యజమానిని, కొన్న హోటలువానిని గూడ ముద్దాయిలుగా చేర్పవలయును. పైరునష్టపు దరఖాస్తు మండలస్థాయిలోనే గడువులోపల తేలవలయును. నాలుగవది ప్రభుత్వమువలన కానిది, మనవలన కావలసినది. అడవిమాంసము వడ్డించు విందునుండి పెద్దలు లేచిపోవలయును, మావలె మౌనముగా గాక, కారణము చెప్పి.

పల్లెలు తలచుకొన్నచో ఎంతటి బండియైనను ఆగును. 1998 అక్టోబరులో రాజస్థానమున కృష్ణజింకలను చంపిన కేసున సుప్రసిద్ధ సినిమానటుడు సల్మాన్ ఖానునకు 2018 ఏప్రిలు 5న జోధపురపు న్యాయస్థానము అయిదేండ్ల శిక్ష విధించినది. ఆయన దానిపై అప్పీలుకు పోయెను. ఆ ఇరువదియేండ్లును జీపును చూచితిమని చెప్పి సాక్ష్యమునుండి చలింపక నిలిచినవారు బిష్ణోయి పల్లెవాసులు. వారికి తుపాకులు లేవు, పదవులు లేవు. ఉన్నది ఒక్క మాట, దానిని మార్చలేదు.

కమలాపురపు సోదరులారా! వేటను మనము ఎరుగనివారము కాము. సంక్రాంతి మరునాడు అహోబిల నరసింహస్వామి పారువేటకు వెడలును. నలుబది దినములకు పైగా పల్లకిలో పల్లెపల్లెకు పోవును. పోయి ఆయన చేయునదేమి? తన కల్యాణమునకు రండని చెంచులను, రైతులను, ఎల్లవారిని పిలిచి వచ్చును. మన సీమలో పేరెన్నికగన్న వేట అది. వెడలునపుడు ఆ పల్లకిలో ఉచ్చు లేదు, తిరిగివచ్చునపుడు మాంసము లేదు. దేవుని వేటబండి అట్లుండగా మనుష్యుని వేటబండి ఎట్లుండవలయునో ప్రతివాడును తన యిల్లును, తన విస్తరిని, తన బండి డిక్కీని చూచుకొని తేల్చుకొనుగాక.