మేఘంతో పంపిన కబురు



ఈ నెల ముచ్చట ఒక పాటను గురించి. 1951 డిసెంబరులో విడుదలైన వాహినీవారి ‘మల్లీశ్వరి’లోని ‘ఆకాశవీధిలో’ అన్న పాటను వినని తెలుగు యిల్లు మన ప్రాంతంలో అరుదు. ఎక్కడైనా అది వినబడితే పెద్దలు మాటలాపి వింటారు. డెబ్బయ్యేళ్లు దాటినా ఆ గౌరవం యెందుకు నిలిచిందో ఆలోచించదగ్గ విషయమే గదా!

అది ప్రధానంగా నలుగురి పని. మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. కవిగా అప్పటికే పేరుమోసినవారైనా, సినిమాకు వ్రాయడం ఆయనకదే మొదలు. వరుస సాలూరి రాజేశ్వరరావుగారిది. గొంతులు భానుమతిగారివి, ఘంటసాలగారివి. వీరిని ఒకచోట కూర్చినవారు దర్శకులు బి. ఎన్. రెడ్డిగారు. మా గుమాస్తాల అనుభవంలో ఒక కాగితం నాలుగు బల్లలు దాటేసరికి మొదట వ్రాసినవాని ఉద్దేశం మిగలదు. ఇక్కడ అలా జరగలేదు. వాద్యాలు మాటను మ్రింగవు. పాడేవారు విద్వత్తు చూపడానికి పదాన్ని విరవరు. ఒకరికొకరు చోటిచ్చుకోవడమే ఆ పాట బలం.

సందర్భం కూడా గొప్పది. మల్లి ఒకచోట ఉన్నది. బావ నాగరాజు దూరాన ఉన్నాడు. కాళిదాసు యక్షునివలె ఇద్దరూ మేఘాన్నే పిలుస్తారు. ఆమె బావ జాడ అడుగుతుంది. అతడు ఊరి క్షేమమూ, మల్లి క్షేమమూ కలిపి అడుగుతాడు. ఒకరి యెదుట ఒకరు లేరు. ఇద్దరి మాటా వినేది మనమే.

ఈ కథ మనకు పరాయిది కాదు. రాయలేలిన హంపి ప్రక్కగా పారిన తుంగభద్రే కంప్లి దాటి మన కెంచనగుడ్డకు వస్తున్నది. ఆ చిత్రం వచ్చినప్పుడు సిరుగుప్ప, ఆదోని ఒకే బళ్లారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి, మన సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలోకి వెళ్లినవి. అక్కచెల్లెళ్లు, బావామరదళ్లు రెండు రాష్ట్రాలవారైనారు. పాటకు మాత్రం సరిహద్దు అడ్డురాలేదు.

అయితే ఒక చిక్కున్నది. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. చదవవలసిందే; అది మనకు అన్నం పెట్టిన భాష. కాని పాటను చక్కగా కూనిరాగం తీసే పిల్లను చరణానికి అర్థమడిగితే నోరు మెదపదు. వరుస చెవితో వస్తుంది. మాట అక్షరంతోనే నిలుస్తుంది.

ఉపాయం కష్టమైనది కాదు. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. కన్నడం వచ్చిన పిల్లలకు మన అక్షరాలు చాలావరకు చూడగానే పోలికపడతాయి. ఆదివారంనాడు అవ్వగాని తాతగాని ఒక్క చరణం చెప్పాలి. పిల్లలు తెలుగులో వ్రాయాలి. తెలియని మాటకు అర్థమడగాలి. నాలుగు వారాలలో పాటంతా చేతికి వస్తుంది.

కృష్ణశాస్త్రిగారికి 1960లలో గొంతు పోయింది. అప్పటినుండి చెప్పదలచినది కాగితంమీద వ్రాసి చూపేవారు. వ్రాత ఉన్నది గనుకనే 1980లో కన్నుమూసేవరకు ఆయన మాట ఆగలేదు. మన యిండ్లలోనూ తెలుగు ఆగకుండా ఉండాలంటే ముందు పిల్లల చేతికి పలకా బలపమూ ఇవ్వండి.