స్టేషనులో గంట కొట్టేదెవరు?

పిల్లలూ, మీరు ఎప్పుడైనా సికింద్రాబాదు స్టేషనులో రైలు కోసం నిలబడ్డారా? మైకులో ప్రకటన వచ్చే ముందు "టింగ్... టాంగ్" అని ఒక గంట మోగుతుంది. వెనకటి రోజుల్లో స్టేషన్లలో రైలుపట్టా ముక్కను వేలాడగట్టి, ఇనుప కడ్డీతో కొట్టేవారు. మరి ఇప్పటి గంట ఎక్కడ వేలాడుతోంది? స్టేషనంతా వెతికినా గంటా కనిపించదు, కొట్టేవాడూ కనిపించడు. అక్కడ మోగుతున్నది కరెంటు!

కరెంటు ఎలా మోగుతుంది? కిందటి నెల వీణ తీగ సంగతి చెప్పుకున్నాం, జ్ఞాపకం ఉన్నదా? మీటిన తీగ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు గాలిని కదిలించి మన చెవిని చేరుతుంది. సెకనుకు 440 సార్లు ఊగితే ఒక స్వరం. రెట్టింపు, అంటే 880 సార్లు ఊగితే, అదే స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది. కాని ఊగవలసింది తీగే కానక్కరలేదు. విద్యుత్తును సెకనుకు 440 సార్లు హెచ్చిస్తూ తగ్గిస్తూ స్పీకరుకు అందిస్తే, అందులోని కాగితపు గరాటు అన్నిసార్లూ ముందుకూ వెనక్కూ కదులుతుంది. మనకు అదే స్వరం వినిపిస్తుంది. ఇలా విద్యుత్తుతో స్వరాలు పుట్టించి, ఒకసారి పిల్లనగ్రోవిలాగా, ఇంకొకసారి గంటలాగా పలికించే యంత్రమే సింథసైజరు.

దీనికి పేరు తెచ్చినవాడు అమెరికాకు చెందిన రాబర్ట్ మోగ్. మోగించేవాడికి తగిన పేరే గదా! చెయ్యి తగలకుండానే పలికే థెరిమిన్ అనే వాద్యాన్ని అతడు మీలాగా బడికి పోయే వయసులోనే ఇంట్లో తయారు చేశాడు. తర్వాత 1964లో తన మొదటి సింథసైజరును రూపొందించాడు. ఆ రోజుల్లో అది బీరువా అంత ఉండేది. ముందు భాగమంతా మరలూ, తీగలూ!

అలాంటి మోగ్ యంత్రం ఒకటి 1969లో మన దేశానికి వచ్చింది. అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతజ్ఞుడు దాన్ని నెలకొల్పాడు. గీతా సారాభాయి మొదలైనవారు దానిమీద కొత్త కొత్త ధ్వనులు పుట్టించి టేపుల మీద పట్టారు. కొన్నేళ్లకే ఆ పని ఆగిపోయింది. టేపులు మూలపడ్డాయి. ఎవరైనా "పాత చెత్త" అని పారేసి ఉంటే కథ అంతటితో సరి. కాని ఎవరూ పారేయలేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెలికితీశాడు. 2023లో అవి లోకానికి వినిపించాయి.

సరే, మెట్లు నొక్కితే స్వరాలు వస్తాయి. అయితే మన సంగీతానికి అది చాలుతుందా? హార్మోనియం మెట్ల మీద "స" నుంచి "రి"కి దూకగలమే గాని జారలేం. మన సంగీతానికి ప్రాణం గమకం. గమకమంటే జారటం, ఊగటం. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన కార్యక్రమాలనుంచి తీసివేసి, 1971 దాకా దూరంగానే ఉంచింది. అందుకు ఒక కారణం ఇదే. మరి యంత్రానికి గమకం రాదా? నేర్పితే వస్తుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మామూలు మాండలిన్‌లో నాదం త్వరగా ఆరిపోతుంది గనుక, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని దానిమీద గమకాలన్నీ పలికించాడు. వాద్యాన్ని సంగీతానికి అనుగుణంగా మలిచాడు గాని, సంగీతాన్ని వాద్యం కోసం తగ్గించలేదు.

కరెంటు మీద గమకం మీరూ పలికించవచ్చు. మన సికింద్రాబాదుకు ఎలక్ట్రానిక్సుతో పాత చుట్టరికం ఉన్నది. 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను ఇక్కడ నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావు పేరే ఎ.ఎస్. రావు నగర్‌కు పెట్టారు. సామాను కావాలంటే నాన్నగారితోనో అన్నయ్యతోనో బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి.

కావలసినవి: 555 నంబరు ఐ.సి. ఒకటి, 9 వోల్టుల బాటరీ, 8 ఓముల చిన్న స్పీకరు, 1000 ఓముల రెసిస్టరు, 100 ఓముల రెసిస్టరు, 0.01 మైక్రోఫారడు కండెన్సరు, 10 మైక్రోఫారడుల కండెన్సరు, కొంత తీగ, ఒక బ్రెడ్‌బోర్డు.

ఐ.సి.కి ఎనిమిది కాళ్లు. నొక్కు పైకి ఉండేలా పెడితే, ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3, 4. కుడి పక్క కిందినుంచి పైకి 5, 6, 7, 8. బాటరీ మైనస్‌ను 1కి, ప్లస్‌ను 8కీ 4కీ కలపండి. 2నూ 6నూ ఒకదానితో ఒకటి కలిపి, అక్కడినుంచి 1కి 0.01 కండెన్సరు పెట్టండి. 8కీ 7కీ మధ్య 1000 ఓముల రెసిస్టరు. 3 నుంచి వరసగా 10 మైక్రోఫారడుల కండెన్సరు (ప్లస్ కాలు ఐ.సి. వైపు), 100 ఓముల రెసిస్టరు, స్పీకరు కలిపి, స్పీకరు రెండో కొసను 1కి చేర్చండి. 5ను వదిలేయండి. 6 నుంచి ఒక తీగ, 7 నుంచి ఒక తీగ బయటికి తీయండి.

ఇప్పుడు 6బి పెన్సిలుతో కాగితం మీద ఒక జానెడు గీత దట్టంగా రుద్దండి. పెన్సిలులో ఉండేది గ్రాఫైటు. అది కరెంటును కొద్దికొద్దిగా పోనిస్తుంది. ఒక తీగను గీత చివర బిగించి, రెండో తీగ కొసను గీత మీద జరపండి. స్పీకరు పాడుతుంది! గొంతు మరీ కీచుగా ఉంటే గీతను సన్నగా గీయండి.

అసలు వింత ఇక్కడ ఉన్నది. గీత అంతటా ఒకే దట్టంగా ఉంటే, సగం దగ్గర పై షడ్జం పలుకుతుంది. మూడింట రెండు వంతుల దగ్గర పంచమం. వీణ తీగమీద కూడా లెక్క ఇదే! తీగను జరిపితే స్వరం జారుతుంది. అదే గమకానికి మొదటి మెట్టు.

ఒక్క హెచ్చరిక, పెద్దలు కూడా వినాలి. ఈ ఆట బాటరీతోనే. గోడలోని కరెంటుతో వద్దు. అటక మీది పాత రేడియోను మీరై విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కండెన్సర్లలో కొంతసేపు విద్యుత్తు దాగి ఉండి, గట్టిగా కొడుతుంది. అలాగని దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. ముందు తెలిసినవారికి చూపించండి. అహమ్మదాబాదు టేపుల సంగతి మరచిపోకండి!

చివరకు ఒక ప్రశ్న. 1979లో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను తయారు చేసి మద్రాసు సంగీత అకాడమీలో చూపించారు. మీట నొక్కితే చాలు, శ్రుతి పలుకుతూనే ఉంటుంది. పక్కన కూచుని మీటేవారు అక్కరలేదు. ఒంటరిగా సాధన చేసుకునేవారికి ఇది ఎంతో మేలు. కాని పూర్వం గురువు వెనక కూచుని తంబురా మీటుతూనే, గంటల తరబడి పాట విని, విద్య నేర్చిన శిష్యులున్నారు. వారి చోటు పెట్టెకు ఇచ్చేశామా? ఇంట్లో అమ్మమ్మనూ నాన్ననూ అడిగి, మీరేమనుకుంటున్నారో మాకు రాయండి. మీ పెన్సిలు వాద్యం ఏ రాగం పాడిందో కూడా రాయటం మరవకండి!