రాయిలో శిల్పం కనబడ్డది, ఇనుము కనబడలేదా?

ఢిల్లీ పోయే రైళ్లు గార్ల మీదికెళ్లే పోతయి. చానా రైళ్లు ఇక్కడ ఆగవు. మన నాయకుల తీరు గూడ గంతే. ఉద్యమం బండెక్కి ఢిల్లీ చేరినోళ్లకు నడిమిట్ల ఊర్లు యాదికుండవు.

దేశ పర్యాటక శాఖ తెలుగోళ్ల చేతికి రావడం కొత్తేం కాదు. 2004లో ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరికి వచ్చింది. అప్పుడు గార్ల ఖమ్మం జిల్లాలనే ఉండె. 2012లో చిరంజీవికి వచ్చింది. ఆయన మరుసటేడే తెలంగాణ నిర్ణయాన్ని నిరసిస్తూ రాజీనామా లేఖ రాసిండు. వాళ్ల ముచ్చట పక్కన పెడదాం. 2021 జూలై 7న పర్యాటకంతో పాటు సంస్కృతి శాఖ గూడ గంగాపురం కిషన్ రెడ్డికి దక్కింది. తెలంగాణ వచ్చినంక కేంద్రంల క్యాబినెట్ హోదా అందుకున్న మొదటి తెలంగాణ నాయకుడు ఆయనే. సంబురపడ్డం. తప్పేముంది?

ఆయన నడిచొచ్చిన తొవ్వ ఒక్కసారి చూద్దాం. 2004లో హిమాయత్‌నగర్ నుంచి ఎమ్మెల్యే. 2009, 2014లో అంబర్‌పేట. 2018లో అక్కడనే ఓడి, ఆరు నెలలు తిరగకముందే సికింద్రాబాద్ ఎంపీ అయి హోం శాఖ సహాయ మంత్రి అయిండు. 2012లో తెలంగాణ కోసం పోరుయాత్ర చేసిండు. కాదనం. కానీ 2009లో గెలిచిన బీజేపీ ఎమ్మెల్యేలు ఇద్దరే. అందులో ఎండల లక్ష్మీనారాయణ పదవి విసిరికొట్టి 2010 ఉపఎన్నికల మళ్లీ గెలిచి వచ్చిండు. రెండో ఆయన సీటుకు ఉపఎన్నికే రాలేదు. ఆ రెండో ఆయన ఎవరో చెప్పాల్నా?

ఇగ మంత్రిగా చేసిందేంది? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. ఆయన కుర్చీల కూర్చున్న 18 రోజులకు, 2021 జూలై 25న, రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ దరఖాస్తు అంతకు ముందే పోయింది. అయినా ఆయన హయాంల వచ్చింది, మనకు గర్వమే. రామప్పకు సుమారు 62 కోట్లు, భద్రాచలానికి 41 కోట్లతోని ప్రసాద్ పథకం పనులకు 2022 డిసెంబర్‌ల రాష్ట్రపతి చేత శంకుస్థాపన చేయించిండు. 2022 సెప్టెంబర్ 17న సంస్కృతి శాఖ తరఫున పరేడ్ గ్రౌండ్స్‌ల విమోచన ఉత్సవం పెట్టిచ్చిండు. ఇవన్ని పద్దుల రాసుకుందాం.

మరి రెండో పద్దు? ఆయన సంస్కృతి శాఖ చూసిన కాలంల మేడారం జాతర రెండుసార్లు జరిగింది, 2022లో, 2024లో. సమ్మక్క సారలమ్మ జాతరకు జాతీయ హోదా అడిగి అడిగి గొంతులు ఎండిపోయినయి. రాలేదు. విభజన చట్టంల రాసిన గిరిజన విశ్వవిద్యాలయం బిల్లు పాస్ కావడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. చట్టం వచ్చింది 2014లో! తొమ్మిదేండ్లల్ల ఒకటో తరగతి పిల్ల పదో తరగతికి వస్తది.

అన్నిటికంటే పెద్ద గాయం మన పక్కనే ఉన్నది. బయ్యారం. అదే విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌ల ఖమ్మం జిల్లాల ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమా కాదా ఆరు నెలల్ల చూడాలని సెయిల్‌కు చెప్పిండ్రు. ఇనుపరాయి బయ్యారంల ఉన్నది, గార్లల ఉన్నది. 2013లో ఆ ఖనిజాన్ని విశాఖ ఉక్కుకు రాసిస్తే ఈ ప్రాంతం భగ్గుమన్నది. రాష్ట్రం వచ్చింది. 2016లో జిల్లా మారి మహబూబాబాద్ అయింది. ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. 2022లో కిషన్ రెడ్డి నోటి నుంచే మాట వచ్చింది: బయ్యారంల ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యం కాదని. ఖనిజంల నాణ్యత లేదట!

నాణ్యత లేదంటే బైలడిల్లా ఎంత దూరం? విశాఖ ఉక్కుకు సొంత గని ఉన్నదా? బయటి ఖనిజంతోని అది ఏండ్ల సంది నడుస్తలేదా? అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండ "కాదు" అనుడు లెక్క తేల్చినట్టు కాదు, తప్పించుకున్నట్టు.

బయ్యారంల ఇంకో రాయి గూడ ఉన్నది. గణపతిదేవుని చెల్లె మైలాంబ చెరువు తవ్విచ్చి వేయించిన శాసనం. కాకతీయుల వంశక్రమం చెప్పే ముఖ్యమైన సాక్ష్యం అది. గుడికి ముందు చెరువు చూసిన్రు కాకతీయులు. భక్తితోని పాటు బువ్వ చూసిన్రు. ఎనిమిది వందల ఏండ్ల కింద ఒక ఆడబిడ్డకు తెలిసిన సంగతి ఇది. సంస్కృతి అంటే గోపురానికి లైట్లు పెట్టుడు ఒక్కటే కాదు. ఆ గోపురం కింద పుట్టిన పోరడు పొట్ట చేత పట్టుకొని హైదరాబాద్‌ల సెక్యూరిటీ గార్డు కాకుండ చూసుడు గూడ సంస్కృతే. తండాలు, గూడేలు ఖాళీ అయినంక బతుకమ్మ ఎవలు ఆడాలె? తీజ్ ఎవలు చెయ్యాలె?

2024 జూన్‌ల కిషన్ రెడ్డి శాఖ మారింది. వచ్చింది ఏంది? బొగ్గు, గనులు! సింగరేణి పుట్టిన గడ్డ మీది బిడ్డకు గనుల శాఖ. వచ్చిన నెలలనే హైదరాబాద్‌ల కూసొని బొగ్గు బ్లాకుల వేలం మొదలుపెట్టిండు. అందుల మన శ్రావణపల్లి బ్లాకు గూడ పెట్టిండు. బొగ్గు అమ్మడానికి సాధ్యమైతది. ఉక్కు చెయ్యడానికి సాధ్యం కాదా?

అడిగేది బిచ్చం కాదు, చట్టంల రాసిన మాట. సెయిల్ చూసిన లెక్కలన్ని జనం ముందు పెట్టాలె. బైలడిల్లా ఖనిజం తెస్తే ఖర్చెంతైతదో చెప్పాలె. గార్ల సెంటర్‌ల నిలబడి చెప్పాలె. మంత్రి పదవి ఐదేండ్లది. మైలాంబ రాయి ఎనిమిది వందల ఏండ్ల సంది నిలబడ్డది. ఎవలి పేరు ఏ రాయి మీద మిగులుతదో ఈ మట్టే తేలుస్తది.

జై తెలంగాణ!