ఫోన్ డ్యూటీకి పోయింది

కీసర, నాగారం, రాంపల్లి నుంచి పొద్దున్నే చర్లపల్లికో నాచారానికో షిఫ్టుకు పోయేవాళ్ల జేబులో, టిఫిన్ డబ్బాతో పాటు పిల్లల హోంవర్క్ కూడా పోతోంది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే, అదీ నాన్నది. ఆన్‌లైన్ చదువు మీద మాట్లాడేవాళ్లు యాప్‌లంటారు, నెట్ స్పీడంటారు, డేటా ప్యాకులంటారు. ఏ గంటకు ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందని మాత్రం అడగరు.

కరోనాతో 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్ చానెళ్లలోనూ సర్కారు బడి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. చాలామంది పెదవి విరిచారు గానీ, నాకైతే అందులో తెలివే కనిపించింది. టీవీ ఇంట్లోనే ఉంటుంది, షిఫ్టుకు పోదు. పైగా మనకది కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో దేశంలో 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపిన 'సైట్' ప్రయోగంలో మన అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టిందీ మన దగ్గరే. ఇప్పుడు హైదరాబాద్‌లో అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు అక్కడ ఆదివారం క్లాసులు పెట్టారు. చదివేవాడికి ఎప్పుడు తీరికో ముందు చూసి, తర్వాత పాఠం పెట్టారన్నమాట. టెక్నాలజీ కంటే ఆ ఆలోచన గొప్పది.

టీవీకి ఒకటే లోపం: అడిగితే పలకదు. ఆ లోటు పూడ్చడానికి పంతుళ్లు వాట్సాప్ గ్రూపులు పెట్టారు, వర్క్‌షీట్లు పంపారు, ఫోన్లు చేసి పిల్లలను పలకరించారు. ఆ కష్టకాలంలో వాళ్లు చేసింది తక్కువేం కాదు. చిక్కంతా తర్వాత వచ్చింది. బడులు తెరిచారు, గ్రూపులు మాత్రం మూయలేదు. బోర్డు మీద రాసి డైరీలో ఎక్కించాల్సిన హోంవర్క్ గ్రూపులోకి మారిపోయింది.

ఏ క్లాసు గ్రూపైనా ఒకసారి తెరిచి చూడండి. పొద్దున పూల బొమ్మతో శుభోదయం, దాని కింద పది దండాలు. సాయంత్రం నాలుగున్నరకు వర్క్‌షీటు ఫొటో, అదీ అడ్డంగా, సగం మీద తీసినవాళ్ల చేతి నీడ. ఆపైన వరసగా 'ఓకే మేడం', 'ఓకే మేడం'. మధ్యలో ఎవరో ప్లాటు అమ్మకం పోస్టు పెడతారు. రాత్రి ఎనిమిదికి నాన్న ఇల్లు చేరేసరికి వర్క్‌షీటు ఎక్కడో పైకి పోయి ఉంటుంది. దాన్ని వెతికి, వేళ్లతో పెద్దది చేసి, నోట్‌బుక్‌లోకి ఎక్కించే పని అమ్మది. 2022–23 నుంచి సర్కారు బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తెలుగు మీడియంలో చదివిన ఆ తల్లికి ప్రశ్న అర్థం కాక, పిల్లకు నిద్ర ఆగక, రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరికీ ఏడుపొక్కటే తక్కువ.

ఫోన్ ఉంటే చాలు, చదువు అందినట్టే అనుకోవడం ఎంత తప్పో 'అసర్' సర్వే 2021లోనే చూపింది. గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇళ్లలో మూడింట రెండొంతుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. అయినా ఫోనున్న ఇళ్లలోనే దాదాపు నాలుగో వంతు పిల్లలకు అది చేతికే అందలేదు.

ఇంకో సంగతి. నెలవారీ పరీక్ష మార్కుల జాబితాను గ్రూపులో పెట్టే బడులున్నాయి. ఆఖరున ఉన్న పిల్లాడి పేరు ముప్పై ఇళ్లలో చదువుతారు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం దాకా ఎందుకు, కాస్త మనసుంటే చాలు.

వాట్సాప్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. అర్థం కాని భిన్నాల లెక్కను టీచరమ్మ తెలుగులో రెండు నిమిషాల వాయిస్‌గా పంపితే అంతకంటే మంచి ట్యూషన్ లేదు. తల్లి అన్నం వండుతూ వింటుంది, పిల్ల మూడుసార్లు వింటుంది. టీశాట్ పాఠాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఏ పాఠం, ఎన్నో నిమిషం నుంచి చూడాలో రాసి పంపితే పిల్లలు వెతుకుతూ వెతుకుతూ రీల్స్‌లో పడరు. చెప్పిన పాఠాన్ని మళ్లీ వినిపించడానికి ఫోన్ పనికొస్తుంది, చెప్పాల్సిన బాధ్యతను ఇంటికి తోలడానికి కాదు. రాత్రి పదికి కూడా తల్లిదండ్రుల మెసేజ్‌లకు జవాబిచ్చే పంతుళ్లకూ, ఫోన్‌ను ఇలా వాడితే ఊరటే.

కీసర మండలం బడుల హెడ్మాస్టర్లకు, ప్రైవేటు బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. వచ్చే పేరెంట్స్ మీటింగులో ఒక కాగితం తిప్పండి: మీ ఇంట్లో ఫోన్ ఎవరిది, పిల్లల చేతికి ఎన్ని గంటలకు వస్తుంది? ఆ జవాబులు వచ్చేదాకా హోంవర్క్‌ను బోర్డు మీదే రాయించండి.