తాగినా తాగకపోయినా కట్టే డబ్బు

ఇదేమిటి, పప్పుల ధరలూ గ్యాసు పొదుపూ వదిలేసి ఈ వారం ఏకంగా ఓడెక్కేశారేమిటి అనుకుంటున్నారా? కారణముందండీ. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే అమ్మానాన్నలు ఇప్పుడు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. వెళ్ళిన ఆర్నెల్లలో ఒక వారం, "అమ్మా, నిన్నూ నాన్ననీ క్రూయిజ్‌కి తీసుకెళ్తాం" అని పిల్లలు సరదా పడుతున్నారు. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్ళకి గాల్వెస్టన్ రేవు దగ్గర. అక్కణ్ణించి బయల్దేరే ఓడలు ఏడు రాత్రుల్లో మెక్సికోలోని కొజుమెల్, హోండూరస్‌కి చెందిన రోటాన్ దీవి లాంటివి చుట్టి వస్తాయి. మన దేశంలోనూ కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ 2021లో ముంబై నుంచి తిరగడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో మన విశాఖ రేవుక్కూడా వచ్చింది. కాబట్టి ఓడ ప్రయాణం మనకి సంబంధం లేని విషయమేమీ కాదు.

ఓడ టిక్కెట్టులో గదీ భోజనమూ కలిసే ఉంటాయి. తాగేవి మాత్రం చాలా వరకు కలవవు. టిక్కెట్టు కొన్న దగ్గర్నుంచీ "డ్రింక్ ప్యాకేజీ తీసుకోండి, రోజుకింత ముందే కట్టెయ్యండి, ఇక ఎంత కావాలంటే అంత తాగండి" అని కంపెనీవాళ్ళు చెవిలో జోరీగలా చెబుతూనే ఉంటారు. ఇది కొనాలా, వద్దా? ఈ లెక్క మగవాళ్ళకి వదిలెయ్యకండి. ఎందుకో చెబుతాను.

ప్యాకేజీల్లో రకాలు

సాధారణంగా మూడు రకాలుంటాయి. మొదటిది కూల్‌డ్రింకులది. కోకు, స్ప్రైటు లాంటివి ఎన్నైనా తాగొచ్చు. రెండోది మద్యం లేని పెద్ద ప్యాకేజీ. ఇందులో స్పెషల్ కాఫీలు, పళ్ళరసాలు, మాక్‌టెయిళ్ళు, సీసా నీళ్ళు కూడా వస్తాయి. మూడోది బీరు, వైను, విస్కీ, కాక్‌టెయిళ్ళు అన్నీ కలిసినది. ఖరీదంతా దీనిదే. ధర ఓడని బట్టీ, ప్రయాణం తేదీని బట్టీ మారుతుంది. ఒకే కంపెనీలో ఒక ఓడకి ఉన్న ధర ఇంకో ఓడకి ఉండదు.

చెప్పిన ధర మీద సర్వీసు చార్జీ వేరే. సాధారణంగా అది నూటికి 18 లేదా 20 ఉంటుంది. కొన్ని కంపెనీలు ప్యాకేజీ ఉచితం అంటూనే ఈ సర్వీసు చార్జీ మాత్రం రోజుకింత అని వసూలు చేస్తాయి. ఉచితం అన్న మాట వినగానే సంబరపడకుండా, "అన్నీ కలిపి మనిషికి ఎంత?" అని ఒక్క ప్రశ్న అడగండి.

అసలు మెలిక ఇక్కడుంది

మద్యం ప్యాకేజీని ఒక మనిషికి ఒక రోజుకి కొనుక్కోవడం కుదరదు. కొంటే ప్రయాణం మొత్తానికీ కొనాలి. అంతేకాదు, కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి పెద్ద కంపెనీల్లో గదిలో ఒక్కరు కొంటే అదే గదిలో ఉన్న 21 ఏళ్ళు దాటినవాళ్ళందరూ కొనాల్సిందే. ఒకరు కొని ఇద్దరూ తాగేస్తారని వాళ్ళ భయం. అంటే మీ వారు రోజూ రెండు పెగ్గులు వేసుకునే మనిషైతే, జీవితంలో ఒక్క చుక్క ముట్టని మీ పేరు మీద కూడా అంతే డబ్బు పోతుందన్నమాట.

ఉదాహరణకి రోజుకి 70 డాలర్లనుకుందాం. నూటికి 18 చొప్పున సర్వీసు చార్జీ కలిపితే 82 డాలర్ల 60 సెంట్లు. ఏడు రాత్రులకి 578 డాలర్ల 20 సెంట్లు. ఇద్దరికీ కలిపి 1,156 డాలర్లు పైచిలుకు. డాలరు ఎనభై రూపాయలు దాటి చాన్నాళ్ళయింది కదా! ఆ ఎనభై చొప్పునే చూసినా తొంభై రెండు వేల రూపాయలు. ఒక చిన్న సంసారానికి ఎన్ని నెలల వెచ్చాలో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఇది గిట్టుబాటు కావాలంటే ఎంత తాగాలో చూద్దాం. విడిగా కొంటే కాక్‌టెయిల్ 13 డాలర్లు, బీరు 8 డాలర్లు అనుకోండి. వాటి మీదా అదే సర్వీసు చార్జీ పడుతుంది కాబట్టి రెండు వైపులా దాన్ని పక్కన పెట్టొచ్చు. ఇద్దరికీ రోజుకి 140 డాలర్లు. తాగేది ఒక్కరే. ఆయన రోజుకి పదకొండు కాక్‌టెయిళ్ళు తాగితే గానీ డబ్బు రాబట్టుకోలేరు. బీరైతే పద్ధెనిమిది! కార్నివాల్ వారి ప్యాకేజీలో 24 గంటల్లో 15 మద్యం డ్రింకులకి మించి ఇవ్వరు. అంటే బీరు తాగే మనిషి ఎంత పంతం పట్టినా ఆ డబ్బు రాదు. రాకపోవడమే మంచిది లెండి, అంత తాగిన మనిషిని గదికి చేర్చేదెవరు?

"నీ పేరు మీద ఉన్నది నేను తాగేస్తాగా" అనే పప్పులు కూడా ఉడకవు. ఎవరి ప్యాకేజీ వాళ్ళే వాడుకోవాలి. ఒకరి కార్డు మీద తెచ్చి ఇంకొకరికి ఇస్తే పట్టుకుని ప్యాకేజీ రద్దు చేసే అధికారం వాళ్ళకుంది.

మద్యం అలవాటు లేనివారు, మందులు వాడేవారు, గర్భవతులు గదిలో ఉంటే కొనేముందు కంపెనీకి ఫోను చేసి సంగతి చెప్పండి. కొన్ని కంపెనీలు అలాంటివాళ్ళకి మద్యం లేని చవక ప్యాకేజీ సరిపోతుందని ఒప్పుకుంటాయి. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు, ఓడవాళ్ళు పెడతారా?

రోజులు లెక్కపెట్టండి

ఏడు రాత్రుల ప్రయాణంలో మూడు నాలుగు రోజులు ఓడ ఏదో ఒక రేవులో ఆగుతుంది. పొద్దున్న దిగి ఊరు చూసి సాయంత్రానికి వస్తాం. ఊళ్ళో తాగే కొబ్బరినీళ్ళకి ఓడ ప్యాకేజీ పనిచెయ్యదు. కంపెనీ సొంత దీవుల్లో మాత్రం కొన్నిచోట్ల పనిచేస్తుంది. ఎక్కే రోజు మధ్యాహ్నం ఎక్కినా పూర్తి రోజు డబ్బే. ఇవన్నీ తీసేస్తే పొద్దున్నించి రాత్రి దాకా ఓడలోనే ఉండేది రెండు మూడు రోజులే.

డబ్బు లేకుండా దొరికేవి

మామూలు నీళ్ళు, ఐసు, మామూలు కాఫీ, టీ, లెమనేడ్, పొద్దుటి ఫలహారంతో పళ్ళరసం చాలా ఓడల్లో టిక్కెట్టులోనే కలిసి ఉంటాయి. డిస్నీ వారి ఓడల్లో కూల్‌డ్రింకులు కూడా భోజనాల దగ్గరా, ఈతకొలను దగ్గరుండే మెషీన్లలోనూ ఉచితమే. పిల్లలున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

ఓడ నీళ్ళంటే మన ఆడవాళ్ళకి భయం. "సముద్రం నీళ్ళేనటగా" అని సీసాలు కొంటారు. సముద్రం నీళ్ళనే ఆవిరి పట్టీ, జల్లెడ లాంటి పొరల్లోంచి వడకట్టీ ఉప్పు తీసి, క్లోరిన్ కలిపి ఇస్తారు. రేవులో మంచినీళ్ళు నింపుకోవడమూ ఉంది. శుభ్రమైన నీళ్ళే, నిశ్చింతగా తాగొచ్చు. ఇంటి నుంచి ఖాళీ స్టీలు సీసా తీసుకెళ్ళి నింపుకోండి. సీసా నీళ్ళ కోసమే ప్యాకేజీ కొనడం దండగ.

ఇక మన చిట్కాలు. టీ పెట్టే చోట నిమ్మకాయ ముక్కలు, పంచదార ఉంటాయి. భోజనాల బల్ల మీద ఉప్పుంటుంది. ఐసు నీళ్ళలో పిండుకుంటే మన నిమ్మరసం తయారు. పొద్దున్న ఫలహారాల్లో పంచదార లేని పెరుగు పెడతారు. గ్లాసులో రెండు చెంచాలు వేసి, నీళ్ళూ ఉప్పూ కలిపి గిలక్కొడితే మజ్జిగ. వాళ్ళ కాఫీ మనకి పల్చగా, చేదుగా ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి పొట్లాలు పది సంచిలో వేసుకెళితే వేణ్ణీళ్ళూ పాలూ అక్కడే దొరుకుతాయి. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం పెట్టుకోకండి. నిప్పు ప్రమాదమని ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు.

కూల్‌డ్రింకులు లేకపోతే పిల్లలు ఊరుకోరంటారా? కార్నివాల్ వారు ఎక్కే రోజున మనిషికి 12 చిన్న డబ్బాల వరకు వెంట తెచ్చుకోనిస్తారు. మూతలు తియ్యనివై ఉండాలి, చేతిసంచిలో ఉండాలి. ప్లాస్టిక్ సీసాలు కుదరవు. ఈ నియమం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ముందే కనుక్కోండి.

డబ్బు కట్టాం కదా అని

నాకు డబ్బు కన్నా ఎక్కువ భయం వేసేది ఈ సంగతికండీ. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని నవ్వుతాం గానీ, ముందే డబ్బు కట్టేసిన మనిషి కూడా అలాగే ఉంటాడు. ఇంట్లో శనివారం రాత్రి మాత్రమే తాగే మనిషి ఓడలో పొద్దున్న పదింటికే మొదలుపెడతాడు. ఎందుకంటే "కట్టిన డబ్బు రావద్దూ?" అంటాడు. ఆయన బీపీకీ, చక్కెరకీ ప్యాకేజీ సంగతి తెలియదు కదా! పడని మనిషికి ఓడ ఊగుతుంటే కడుపులో తిప్పుతుంది, దాని మీద మద్యం పడితే మరీ ఎక్కువ. వారం రోజులు పిల్లల ముందు, మనవల ముందు ఆ అవస్థ ఎవరికి కావాలి?

కూల్‌డ్రింకుల ప్యాకేజీ అయినా అంతే. 355 మిల్లీలీటర్ల కోకు డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే దాదాపు పది టీస్పూన్లు. ప్యాకేజీ రోజుకి 12 డాలర్లు, డబ్బా మూడున్నర డాలర్లు అనుకుంటే, గిట్టుబాటు కావాలంటే పిల్లవాడు రోజుకి నాలుగు తాగాలి. నలభై చెంచాల చక్కెర! ఇంట్లో పాలలో చెంచా పంచదార ఎక్కువైతే కేకలేసే తల్లులం మనం.

ఎవరికి మంచిది?

ప్యాకేజీ ఎవరూ కొనకూడదని నేననను. భార్యాభర్తలిద్దరికీ అలవాటుండి, రోజుకి అయిదారు డ్రింకులు అయ్యేవాళ్ళకి, రేవులు తక్కువై సముద్రంలోనే ఎక్కువ రోజులుండే ప్రయాణాలకి లెక్క సరిపోవచ్చు. ప్రిన్సెస్ వారి ప్లస్ ప్యాకేజీ లాంటి వాటిలో డ్రింకులతో పాటు ఇంటర్నెట్టు, సిబ్బందికిచ్చే టిప్పులు కూడా కలిసి ఉంటాయి. ఆ రెండూ ఎలాగూ కొనేవాళ్ళు వాటి ఖరీదు తీసేసి మిగిలినది చూసుకోవాలి. దిగేటప్పుడు చేతికొచ్చే బిల్లు చూసి గుండె ఆగకూడదనుకునేవాళ్ళకి, ముందే కట్టేస్తే ఒక నిశ్చింత. దానికీ ఒక విలువుంది, కాదనను.

కొనాలనుకుంటే ఓడ ఎక్కకముందే కొనండి. ఎక్కాక ధర సాధారణంగా ఎక్కువ. ముందే కొని, తర్వాత ధర తగ్గిందేమో మధ్యమధ్యలో చూస్తూ ఉండండి. చాలా కంపెనీలు బయల్దేరే ముందు రద్దు చేసి తక్కువ ధరకి మళ్ళీ కొనుక్కోనిస్తాయి. ఇండియా కార్డుతో డాలర్లు కడితే బ్యాంకువాళ్ళు నూటికి ఇంత అని అదనంగా వేస్తారు, అదీ కలుపుకోండి.

కొననివాళ్ళకి ఒక్క జాగ్రత్త. ఓడలో డబ్బులుండవు, గది కార్డు చూపించి సంతకం పెట్టడమే. చేతిలోంచి నోటు పోతే తెలుస్తుంది గానీ, కార్డు గీస్తే తెలియదు. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఖాతా చూసుకోండి. బార్‌లో ఇచ్చే చీటీలో సర్వీసు చార్జీ ముందే కలిపి ఉంటుంది. దాని కింద ఖాళీ గీత కనపడిందని మళ్ళీ టిప్పు రాయకండి.

ఇలా చెయ్యండి

టిక్కెట్టు కొన్న రోజే ఒక కాయితం తీసుకోండి. ఇంట్లో ప్రతి మనిషీ మామూలు రోజున ఏమేం తాగుతారో రాయండి. సెలవు కదా అని ఒకటో రెండో కలపండి. ఓడలో ఒక్కోదాని ధర ఎంతో పిల్లల్ని అడిగి పక్కన వెయ్యండి. డబ్బు లేకుండా వచ్చేవి కొట్టెయ్యండి. మిగిలినదాన్ని ప్యాకేజీ ధరతో పోల్చండి. అయిదు నిమిషాల పని.

కొడుకు ప్రేమతో కొంటానంటున్నాడు, వద్దంటే నొచ్చుకుంటాడు అని ఊరుకోకండి. "నాయనా, నా పేరు మీద కట్టే ఆ అయిదు వందల డాలర్లతో కొజుమెల్‌లో అందరం కలిసి పడవ మీద తిరుగుదాం" అని చెప్పండి, సంతోషిస్తాడు. మీ వారితో కూడా కాయితం చూపించే మాట్లాడండి. "తాగొద్దు" అంటే గొడవ. "రోజూ రెండు విడిగా కొనుక్కోండి, మిగిలిన డబ్బు ఇంత" అంటే అది లెక్క. లెక్క మీద కోపం తెచ్చుకునే మనిషి ఉండడు. మీరు ముట్టని గ్లాసుకి మీ పేరున డబ్బు కట్టాలా వద్దా అన్నది మాత్రం మీరే తేల్చాలి, అదీ ఆయన వేలు కంప్యూటర్ మీట మీద పడకముందే.