పాఠంలో లేని పేదరికం

అమెరికా హైస్కూళ్లలో ఎకనామిక్స్ చదివే మన పిల్లలు గిరాకీ, సరఫరా గీతలు చకచకా గీసేస్తారు. ఇంత సంపన్న దేశంలో పిల్లలు పేదరికంలో ఎందుకున్నారని అడిగితే మాత్రం ‘అమ్మానాన్నలు సరిగా కష్టపడక’ అనే జవాబు రావచ్చు. అలా వస్తే తప్పు పిల్లలది కాదు, పాఠానిది.

సరైన జవాబుకు ఇటీవలి చరిత్రే చాలు. 2021లో ప్రభుత్వం చైల్డ్ టాక్స్ క్రెడిట్‌ను ఒక్కొక్కరికి 2,000 డాలర్ల నుంచి 3,000కు, ఆరేళ్లలోపు వారికి 3,600కు పెంచింది. అంతకుముందు పూర్తి మొత్తం అందని నిరుపేద కుటుంబాలకూ ఆ ఏడాది అందింది. జులై నుంచి డిసెంబరు వరకు నెలనెలా డబ్బు పడింది. సెన్సస్ బ్యూరో అనుబంధ కొలమానం ప్రకారం 2020లో 9.7 శాతమున్న బాలల పేదరికం 2021లో 5.2 శాతానికి దిగింది. ఆ పెంపును కాంగ్రెస్ పొడిగించలేదు. 2022లో పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. ఇతర కొవిడ్ సాయాలు ఆగిపోవడం, ధరల మంట కూడా తోడయ్యాయి. అయినా, ఏడాదిలో లక్షలాది తల్లిదండ్రులు బద్ధకస్తులైపోయారని ఎవరనగలరు? ప్రధానంగా మారింది ప్రభుత్వ విధానమే.

దీనికి రెండో వైపూ ఉంది. అంత సాయానికి ఏటా పదివేల కోట్ల డాలర్లకు పైగా కావాలి. ఊరికే డబ్బిస్తే పని మానేస్తారన్న వాదనా బలంగానే వినిపించింది. ఆ వాదనలనూ తరగతిలో పెట్టాలి. అంకెలు చూసి పిల్లలే తేల్చుకోవాలి.

ఈ పాఠం మన ఇళ్లకు దూరమైంది కాదు. అమెరికాలో పుట్టిన చెల్లికి ఈ రాయితీ వర్తిస్తుంది. హెచ్-4 వీసాపై వచ్చిన అన్నకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు గనుక 500 డాలర్లతో సరి. 2018 నుంచి నిబంధన ఇదే. తల్లిదండ్రులు ఒక్కరే, కట్టే పన్నూ ఒక్కటే. ఏ బిడ్డ లెక్కలోకి వస్తాడో తేల్చేది చట్టమని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ ఏముంది?

మనమూ ఒక మాట ఆలోచించాలి. ఊళ్లో పేదలకిచ్చే సాయాన్ని ‘ఉచితాలు’ అని తీసిపారేస్తాం. ఇక్కడ రిటర్నులో మన రాయితీని హక్కుగా రాసుకుంటాం. ఈ తేడా గురించి పిల్లలు అడిగితే కసురుకోవద్దు. వచ్చే పేరెంట్-టీచర్ సమావేశంలో మార్కులతో పాటు ఈ పాఠం గురించీ అడుగుదాం. రేపు ఓటేసేది, పన్ను కట్టేది ఆ పిల్లలే.